7 కిలోల దుప్పటి: పలాసలో 16 నెలలు కప్పుకున్నాక

ముందటేడు నవంబరులో కొన్నాను. రెండు చలికాలాలు, ఒక ఎండాకాలం గడిచాయి కాబట్టి ఇక రాయొచ్చు. వారం వాడి ఐదు చుక్కలు ఇచ్చేసేవాళ్ల మాట నమ్మే నేను కొన్నాను, ఆ పని మళ్లీ నేను చేయను.

నాకు 34. పలాసలో జీడిపప్పు వ్యాపారంలో లెక్కలు రాసే పని. మూడేళ్ల కిందట విశాఖలో డాక్టరు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవక కుదురు లేకుండా ఉండే సమస్య, అని తేల్చారు, అంతకుముందు ఇంట్లో దానికి బద్ధకం అని పేరు. రాత్రి రెండు దాటితే గానీ కునుకు రాదు, పడుకున్నా కాళ్లు ఊరుకోవు, ఇటు దొర్లి అటు దొర్లి గోడౌన్ స్టాకు దగ్గర్నుంచి ఎనిమిదో తరగతిలో ఎవడో అన్న మాట దాకా అన్నీ ఆ వేళకే గుర్తొస్తాయి. ధనుర్మాసంలో అయితే సరిగ్గా కన్ను మూతపడే సమయానికి గుడి మైకులో తిరుప్పావై.

నాకు నిద్ర తక్కువైనా చాలునని చాలాకాలం అనుకున్నాను. డాక్టరు ఆ మాట ఒప్పుకోలేదు. అందరిలాగే నాకూ కనీసం 7 గంటలు కావాలట, ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి నిద్ర తెచ్చే మెలటోనిన్ ఒంట్లో ఊరడమే గంటన్నర అటూ ఇటూగా ఆలస్యమట. అంటే ఆకలి మామూలే, భోజనం వేళ మాత్రం జరిగిపోయినట్టు. ఆ తేడా నాకు అర్థమయ్యేసరికి దుప్పటి కొనేశాను, అదీ సంగతి.

వెయిటెడ్ బ్లాంకెట్ అంటారు. గళ్లు గళ్లుగా కుట్టి ఒక్కో గడిలో ఆవగింజ కంటే చిన్న గాజుపూసలు పోస్తారు. ఒంటి బరువులో పదో వంతు ఉండాలన్నారు, నేను 70, అందుకని 7 కిలోలది, 4,200 రూపాయలు. 2020లో స్వీడన్‌లో 120 మంది మీద 4 వారాలు చేసిన పరిశోధన చదివాకే ధైర్యం చేశాను. డిప్రెషన్, ఏడీహెచ్‌డీ లాంటివి ఉండి నిద్రపట్టనివాళ్లు వాళ్లంతా, తేలికది కప్పుకున్నవాళ్ల కంటే బరువుది కప్పుకున్నవాళ్లకి నిద్ర బాగా మెరుగుపడింది. కాకపోతే వాళ్లు వాడినవి లోహపు గొలుసులున్న దుప్పట్లు, పూసలవి కావు. పైగా మీద పడింది బరువుదో తేలికదో కప్పుకున్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది?

పార్సిల్ విప్పుతుంటే అమ్మ, "ఏటిరా, ఇసక బస్తా మీదేసుకుని తొంగుంటావేటి?" అంది.

మొదటి మూడు రాత్రులు కాలివేళ్లు నొక్కుకుపోయి చిరాకు. నాలుగో రాత్రి నుంచి తేడా తెలిసింది. దొర్లాలంటే ఆ బరువంతా ఎత్తాలి కదా, అంత ఓపిక ఎక్కడిది, అలాగే ఉండిపోతాను. కాళ్లు ఆడించడం సగానికి సగం తగ్గింది. చిన్నప్పుడు నాయనమ్మ ఐదారు పాత చీరలు కలిపి కుట్టిన బొంత కిందే నేను బాగా పడుకునేవాణ్ణి, అది ఎందుకో ఇప్పుడు తెలిసింది.

కానీ నిద్ర ముందుకు రాలేదు. కదలకుండా, హాయిగా, రెండు దాటేదాకా కళ్లు తెరుచుకుని పడుకున్నాను! వేళని జరిపింది వేరే. ఏడీహెచ్‌డీకి వేసుకునే మధ్యాహ్నం మాత్ర ఆలస్యమైతే నిద్ర పట్టనివ్వదని, నాలుగింటికి గుర్తొచ్చి వేసుకునే అలవాటు డాక్టరు మాన్పించారు, ఒంటిగంట దాటితే ఇక ఆ రోజుకి లేదు. ఆరున్నరకి లేచి మేడ మీద అరగంట వెలుతురులో తిరగమన్నారు. రెండు నెలలకి పన్నెండుంబావుకి నిద్ర పట్టసాగింది. ఒక్క ఆదివారం పదింటిదాకా పడుకుంటే మాత్రం బుధవారం దాకా మళ్లీ పాత కథే.

ఇక మన ఎండలు. ఏప్రిల్లో కరెంటు పోయిన రాత్రి దీని కింద పది నిమిషాలు ఉండి చూడండి. పొందూరు ఖద్దరుతో గలీబు కుట్టించాను, ఒంటికి అంటుకోవడం తగ్గింది, గలీబు ఖర్చు దుప్పటి ధరలో సగం దాటింది. మేలో మడతపెట్టి కాళ్ల మీద మాత్రమే వేసుకునేవాణ్ణి, పనిచేసింది. ఉతకడం నరకం. తడిస్తే ఇద్దరం పట్టినా లేవదు, దండెం తెగింది, వర్షాల్లో నాలుగు రోజులకి గానీ ఆరలేదు, ముక్కవాసన.

ఎనిమిదో నెలలో ఒక గడి కుట్టు విడింది. అర్ధరాత్రి వీపు కింద గరగర, లైటు వేసి చూస్తే మంచం నిండా పంచదార ఒలికినట్టు పూసలు. కంపెనీకి ఫోన్ చేస్తే వారంటీ ఆరు నెలలే అన్నారు. టైలరు సూది విరుగుతుందని ముట్టుకోలేదు. చివరికి అమ్మే దబ్బనం, దారం తీసి బొంత కుట్టినట్టు గట్టిగా కుట్టింది. ఆ గడి ఇప్పటికీ విడలేదు, పక్కవి రెండు మాత్రం వదులయ్యాయి.

కాళ్లూ చేతులూ ఊరుకోనివాళ్లు, ఏసీ ఉన్నవాళ్లు కొనొచ్చు. నిద్రలో ఊపిరి ఆగే ఇబ్బంది, ఆయాసం ఉంటే డాక్టర్ని అడక్కుండా వద్దు, చిన్నపిల్లల మీద అసలే వేయొద్దు. రెండింటిదాకా మేలుకునే బాధకే అయితే ఆ డబ్బు డాక్టరు ఫీజుకి పెట్టండి. 5కి 3 చుక్కలు ఇస్తున్నా, అందులో ఒకటి అమ్మ దబ్బనానిది.