20 నిమిషాల ముందే చెప్పే సాఫ్ట్‌వేర్: 8 నెలలు వాడిన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ మాట

రెండు విమానాలు దగ్గర పడబోతున్నాయంటే 20 నిమిషాల ముందే లెక్కకట్టి, రాడార్ స్క్రీన్ పక్కన ఒక చిన్న విండోలో ఆ జంటను చూపించే సాఫ్ట్‌వేర్ ఇది. మా పాత అలర్ట్ మోగేది 2 నిమిషాల ముందు. దాంతో పోలిస్తే మహాభాగ్యం అనుకున్నాను. మొదటి వారంలోనే విసుగొచ్చింది.

ఎదురెదురుగా వస్తున్న రెండింటిలో ఒకదాన్ని నేను అప్పటికే కుడికి తిప్పేశాను. అయినా ఆ జంట పసుపు రంగులో అలాగే కూర్చుంది. రోజంతా ఇదే, నాన్నా పులి! నెల తిరిగేసరికి ఆ విండోను ఓ మూలకి నెట్టేశాను. పక్క సీటాయన ఏకంగా మూసేశారు. ఆ మూసేయడమే నాకు నచ్చలేదు. 1997లో గువామ్‌లో కొరియన్ ఎయిర్ 801 విమానం కొండను ఢీకొని 228 మంది పోయారు. విమానం మరీ కిందికి దిగితే కంట్రోలర్‌ని హెచ్చరించే ఏర్పాటు అక్కడా ఉంది. ఊరికే మోగుతోందని దాన్ని దాదాపు పూర్తిగా ఆపేసి ఉంచారు.

కాస్త ఓపిక పట్టి చూస్తే తప్పులో సగం నాదే. హెడింగ్, అంటే ఏ దిశలో వెళ్లాలో, నేను పైలట్‌కి రేడియోలో చెబుతాను, సాఫ్ట్‌వేర్‌కి చెవుల్లేవు. స్క్రీన్ మీద విమానం పక్కనుండే లేబుల్‌ని నొక్కి ఎక్కించకపోతే అది ఫ్లైట్ ప్లాన్ దారినే పట్టుకుని ఉంటుంది. ఎక్కించడం మొదలుపెట్టాక ఉత్తుత్తి హెచ్చరికలు బాగా తగ్గాయి. కాకపోతే ఉరుముల రోజున అందరూ మేఘాన్ని తప్పించమని అడుగుతుంటే ఎక్కించే తీరిక ఎక్కడిది?

బాగా నచ్చింది, జంట మీద మౌస్ పెడితే ఎక్కడ, ఎంత దూరంలో దాటుకుంటాయో గీసి చూపించడం. ఉండాల్సింది 5 నాటికల్ మైళ్లు. అది 4 అంటోందా, 7 అంటోందా కనిపిస్తే నమ్మాలో లేదో నేనే తేల్చుకుంటాను. ‘దీన్ని తిప్పు’ అని సలహా ఇచ్చే మోడ్ కూడా ఉంది. ఎందుకో చెప్పదు, అందుకే ముట్టుకోను.

ఇప్పుడు టెన్షనంతా కొత్తగా చేరిన పిల్లలతో. మొన్న ట్రైనింగ్‌లో ఉన్న అమ్మాయి, పైకెక్కుతున్న విమానాన్ని ఇంకొకదాని కిందికి పంపేస్తోంది. ఆపితే, “అది ఏమీ చూపించలేదు కదా సార్” అంది. ఆ విమానం ఎంత బరువుందో దానికి తెలియదమ్మా, ఎంత వేగంగా ఎక్కుతుందన్నది అంచనాయే అని చెప్పాల్సి వచ్చింది.

5కి మూడున్నర. హెడింగ్ ఎక్కించడానికి పట్టే మూడు క్లిక్కులు ఒకటి చేస్తే నాలుగు.