14 మిల్లీమీటర్ల బోరు: ఆరేళ్ల వాడకం తర్వాత

ఇది కొనుక్కున్న వస్తువు మీద సమీక్ష కాదు. పాలకొల్లు దగ్గర మా షెడ్డులో, మూడో చేతి లేత్ మీద నేనే తిప్పి, బోరు చేసి, రుద్ది తయారు చేసుకున్న బుల్లి డీజిల్ ఇంజను సంగతి. బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 14 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 16, అంటే సుమారు 2.46 సీసీ. అరచేతిలో పడుతుంది. ముందు చెక్క ఫ్యాను, వెనక చిన్న ట్యాంకు, అంతే. ఇలాంటివి మూడు చేశాను. మొదటి రెండూ రన్నింగ్ దశలోనే, అంటే కొత్త ఇంజనును మెల్లగా తిప్పి అలవాటు చేసే దశలోనే, పోయాయి. మూడోది ఆరేళ్లుగా తిరుగుతోంది.

డీజిల్ అన్నానని నాజిల్, ఫ్యూయల్ పంపు వెతక్కండి. ఇందులో అవి ఉండవు. గాలితోపాటే ఇంధనం కూడా సన్నటి గొట్టంలోంచి లోపలికి వెళ్తుంది, ఒత్తిడికి దానంతటదే అంటుకుంటుంది. స్పార్కు ప్లగ్గు లేదు, బ్యాటరీ లేదు. ఒత్తిడి ఎంత ఉండాలో మనమే పైనుంచి మర తిప్పి చెప్పాలి. సిలిండరు పైభాగంలో ఇంకో చిన్న పిస్టను ఉంటుంది, దాన్ని కాంట్రా పిస్టను అంటారు. మర బిగిస్తే అది కిందికి దిగి కంప్రెషన్ పెరుగుతుంది. వదులు చేస్తే లోపలి ఒత్తిడే దాన్ని పైకి నెట్టాలి. నెట్టాలి అని ఎందుకు అన్నానో తర్వాత చెప్తాను.

మా ఇంట్లో ఇంజను అంటే ఆయిలింజనే. నాన్నగారు కాలువ గట్ల వెంట ఆయిలింజన్లు బాగుచేసే మనిషి. కొత్త ఇంజను దింపితే ఆయన సూత్రం ఒక్కటే. బెల్టు వెయ్యకుండా రాత్రంతా తిప్పు, తెల్లారాక సగం లోడు, మర్నాడు పూర్తి లోడు. ఆ బుద్ధితోనే నా మొదటి ఇంజనును 60 మిల్లీలీటర్ల ట్యాంకు నింపి ఖాళీ అయ్యేదాకా తిరగనిచ్చాను. నాలుగు నిమిషాలు బ్రహ్మాండంగా తిరిగింది. తర్వాత గొంతు మారింది. ఇంధనం తగ్గిందేమో అనుకుని, ఇంధనాన్ని ఎక్కువ తక్కువ చేసే సూదితో ఆడుకుంటూ కూర్చున్నాను. ఏడో నిమిషంలో ఠక్కున ఆగింది. పట్టేసింది. విప్పి చూస్తే పిస్టను మీద నిలువునా గీతలు.

నాన్నగారి సూత్రం తప్పు కాదు, నేను దాన్ని పెట్టిన చోటే తప్పు. ఆయన ఇంజనుకు రింగులున్నాయి, చుట్టూ నీళ్లు తిరుగుతాయి. పిస్టను వేడికి కాస్త ఉబ్బినా రింగులు సర్దుకుంటాయి. నా ఇంజనులో రింగులు లేవు. పోత ఇనుప పిస్టను, అది తిరగాడే ఉక్కు గొట్టం (లైనరు), మధ్యలో తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని సందు. లైనరు కూడా పైకి వెళ్లేకొద్దీ రవ్వంత ఇరుకవుతుంది, కంప్రెషన్ ఆగేది అక్కడే. కొత్తగా ఉన్నప్పుడు ఆ ఇరుకులో పిస్టను ఎక్కువ రాసుకుంటుంది, రాసుకుంటే వేడి, వేడెక్కితే ఉబ్బు, ఉబ్బితే ఇంకా రాపిడి. ఈ చక్రం ఒకసారి మొదలైతే ఆపేది మన చెయ్యి ఒక్కటే.

రెండోది ఇంకో రకంగా పోయింది. బోరు నునుపు చెయ్యడానికి వాల్వులు రుద్దే పేస్టు వాడాను. కిరోసిన్‌తో కడిగాను, గుడ్డతో తుడిచాను, అయిపోయిందనుకున్నాను. పోత ఇనుము స్పాంజి లాంటిది, ఆ పొడిని లోపల దాచుకుంటుంది. ఇంజను తిరిగినంతసేపూ తన బోరును తనే రుద్దుకుంటూ పోయింది. రోజురోజుకూ హాయిగా ఫ్రీ అవుతోందని మురిసిపోయాను కూడా. నలభై నిమిషాల రన్నింగ్ పూర్తయ్యేసరికి కంప్రెషన్ ఉఫ్ మంది. అప్పట్నుంచి పేస్టుతో మొదలుపెట్టినా చివర ఇత్తడి సామాను మెరిపించే బ్రాసోతో ముగిస్తాను. తర్వాత సబ్బు నీళ్లు, బ్రష్షు, మళ్లీ సబ్బు నీళ్లు. తెల్ల గుడ్డ మీద బూడిద రంగు మరక రాకుండా పోయేదాకా.

మూడోదానికి పిస్టను ఒక పాత ఆయిలింజను లైనరు ముక్కలోంచి వచ్చింది. సన్నటి రేణువున్న ఇనుము, లేత్ మీద పొడిలా రాలుతుంది. క్రాంకు కేసుకు పాత లారీ పిస్టన్లు కరిగించి పోశాం. పోత పోసిన మేస్త్రీ "ఏంటండీ ఇది, బొమ్మకు చెవులు కుట్టించినట్టు ఇంత ముస్తాబు" అన్నాడు గానీ పని మాత్రం శుభ్రంగా చేశాడు.

దీన్ని రన్నింగ్‌లో పెట్టిన తీరు వేరు. 10 అంగుళాల వ్యాసం, 4 అంగుళాల పిచ్ (రెక్కల వాలు కొలత) ఉన్న ఫ్యాను వేశాను. కాస్త బరువుగా ఉంటే ఫ్లైవీలులా పనిచేస్తుంది, వేగాన్ని అదుపులో పెడుతుంది, గాలి కూడా బాగా తోలుతుంది. సూది బాగా తెరిచి ఇంధనం ఎక్కువగా వదిలాను. కంప్రెషన్ కాస్త తక్కువ. ఆ స్థితిలో ఇంజను దగ్గుతూ, నూనె కక్కుతూ తిరుగుతుంది, చూడ్డానికి బాగుండదు. నిమిషం లోపే గొట్టం నొక్కి ఆపేయడం. సిలిండరు చుట్టూ ఉండే చల్లార్చే రేకుల (ఫిన్నుల) మీద వేలు పెడితే చల్లగా తగిలేదాకా మళ్లీ ముట్టుకోకపోవడం. ఇలా మొదటి 40 స్టార్టులు. తర్వాత రెండేసి, మూడేసి నిమిషాలు, ఇంకో పాతిక సార్లు. మొత్తం తిరిగింది రెండు గంటలు కూడా కాదు, పట్టింది మాత్రం మూడు వారాలు. ఎన్ని గంటలు తిరిగింది అని ఎవరైనా అడిగితే చెప్పడానికి సిగ్గేస్తుంది. ఎన్నిసార్లు వేడెక్కి చల్లారింది అని అడగాలి.

మొదట్లో పొగ బయటికి పోయే, సైలెన్సరు లేని రంధ్రంలోంచి వచ్చే నూనె నల్లగా, వేళ్ల మధ్య రుద్దితే మెరుపుతో ఉండేది. అది అరిగిన లోహం. 50వ స్టార్టు దాటాక తేనె రంగుకు వచ్చింది. సెట్ అయిందా లేదా అనడానికి ఇంకో గుర్తుంది. సూదిని కొంచెం బిగించి ఇంధనం తగ్గించాలి. వేగం పెరిగి అక్కడే నిలబడితే అయింది. పెరిగి, పది సెకన్లలో మెల్లగా కుంగిపోతే ఇంకా బిగువుంది. అలా కుంగినప్పుడు సూదితో సరిచెయ్యబోకండి, వెంటనే సూది తెరిచి ఆపండి. నా మొదటి ఇంజను అక్కడే చచ్చింది.

ఇక ఇంధనం. డెల్టాలో ఈ ఇంజను నడిపేవాడికి సగం తలనొప్పి ఇక్కడే. ఈథరు, కిరోసిన్, ఆముదం, రన్నింగ్‌కు మూడూ సమపాళ్లు. ఈథరు 34.6 డిగ్రీలకే మరుగుతుంది. మా దగ్గర మే నెలలో నీడలోనే 40. సీసా మూత తీస్తే బుస్సుమంటుంది, రెండుసార్లు తీస్తే ఈథరు పాలు తగ్గిపోయినట్టే. అదే పోతే ఇంజను స్టార్టు కాకపోవడం ఒక్కటే కాదు, అసలు ఇంధనమే విడిపోతుంది. ఆముదం కిరోసిన్‌తో మామూలుగా కలవదు, రెంటినీ కలిపి ఉంచేది ఈథరే. ఒక ఎండాకాలం సీసా అడుగున ఆముదం, పైన కిరోసిన్ వేరువేరుగా నిలబడి కనిపించాయి. ఇప్పుడు తెల్లవారుజామునే, ఆ రోజుకు కావలసినంతే కలిపి, సీసాను నీళ్ల కుండలో నిలబెడతాను. ట్యాంకు నుంచి వచ్చే గొట్టంలో ఎండకు బుడగలు లేస్తాయి కాబట్టి గొట్టం పొట్టిగా ఉండాలి. అక్వేరియం సిలికాన్ గొట్టం వెయ్యకండి, ఉబ్బి జారిపోతుంది. బైకు పెట్రోలు పైపు నిక్షేపంగా పనిచేస్తోంది.

జాగ్రత్త ఒకటి. ఈథరు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది. మా వైపు సాయంత్రమైతే ప్రతి అరుగు మీదా దోమల కాయిల్ వెలుగుతుంది. కలిపేది పెరట్లోనే, పగలే, చుట్టుపక్కల కాయిల్‌గానీ పొయ్యిగానీ బీడీగానీ లేనప్పుడే. పాత ఈథరు దాచుకోవడం కూడా వద్దు, నిలవ ఉంటే పేలే గుణమున్న పదార్థం తయారవుతుంది.

ఆముదం విషయంలో పల్లెటూరి వాడిగా నా గర్వం దెబ్బతింది. ఇంట్లో కాచిన వంటాముదం వాడితే అంతకన్నా స్వచ్ఛమైనది ఏముంటుంది అనుకున్నాను. అందులో తడి మిగులుతుంది, మడ్డి ఉంటుంది. సూది దగ్గర అడ్డుపడింది. మెడికల్ షాపులో దొరికే లేత రంగుదే మంచిది. రేషన్‌లో నీలం కిరోసిన్ రావడం ఆగాక కొన్నాళ్లు దాని బదులు బంకు డీజిల్ పోసి చూశాను. స్టార్టింగు బాగానే ఉంది, పొగ ఎక్కువ, చేతులు వదలని జిడ్డు. వేగంలో తేడా నిమిషానికి వంద చుట్ల లోపే.

సెట్ అయ్యాక ఈథరు 30, కిరోసిన్ 45, ఆముదం 25కి వచ్చాను. ఈథరును 25కి దించితే డిసెంబరు పొద్దున్నే స్టార్టు చెయ్యడానికి వేలు నొప్పెట్టేదాకా ఫ్యానును కొట్టాల్సొచ్చింది. 20కి దించితే అసలు పలకలేదు. ఫ్యాను 9×4కి మార్చాక మొదట నిమిషానికి 7,800, ఆరు నెలలకు 9,000 చుట్లు. చుట్లు కొలిచే ఆప్టికల్ మీటరు నిజం చెబుతోందో లేదో తేల్చుకోవడానికి రెండు రెక్కల సెట్టింగులో పాత చోకు ట్యూబులైటు వైపు చూపించండి, 3,000 రావాలి. కరెంటు 50 సైకిళ్లు కాబట్టి లైటు సెకనుకు వంద సార్లు మిణుకుతుంది. గాలి వెళ్లే గొంతును 4 నుంచి 4.5 మిల్లీమీటర్లకు పెంచితే 400 చుట్లు కలిశాయి గానీ పీల్చుకునే బలం తగ్గింది, ప్రతిసారీ చుక్క పోసి స్టార్టు చెయ్యాల్సొచ్చేది. మళ్లీ 4కే పోయాను.

బాధలూ ఉన్నాయి. కాంట్రా పిస్టను మొదట మరీ బిగువుగా చేశాను. వేడెక్కాక పావు చుట్టు వదులు చేస్తే అది పైకి కదలాలి, కదల్లేదు. ఇంజను సుత్తితో కొట్టినట్టు మోగింది. విప్పి ఇంకాస్త రుద్దాకే దారికొచ్చింది. రెండో ఏడు ఇంధనం ఎక్కువ పోసి, లోపల ద్రవం అడ్డుపడుతోందని తెలిసీ బలవంతంగా తిప్పి కనెక్టింగ్ రాడ్డు వంచేశాను. చూపుడు వేలి మీద మచ్చ కూడా ఆ ఏటిదే. ఇప్పుడు సైకిలు ట్యూబు చుట్టిన కర్రతో కొడతాను. ఇక రొయ్యల చెరువుల గాలికి షాఫ్టు మీద తుప్పు చుక్కలు వారంలోనే లేస్తాయి. ప్రతి రన్నింగ్ తర్వాత కుట్టు మిషను నూనె నాలుగు చుక్కలు పోసి చేత్తో తిప్పకపోతే వానాకాలం దాటదు. నెలల తరబడి వదిలేస్తే ఆముదం జిగురై పిస్టను కదలదు. అప్పుడు బలం పనికిరాదు, మా అమ్మాయి హెయిర్ డ్రయ్యరు చాలు.

పక్కింటి పెద్దాయన గోడ మీదుగా చూసి, "ఏరా అబ్బాయ్, ఇంత గోల చేసి ఒక్క బిందెడు నీళ్లయినా తోడదా ఇది?" అన్నారు. తోడదు బాబాయ్ అన్నాను. మర్నాడు ఆయనే కుర్చీ వేసుకొచ్చి కూర్చున్నారు. రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి ఎక్కించే ఏరేటర్లు రాత్రంతా మోగే ఊళ్లో నా ఇంజను గోల ఎవరికీ పెద్దగా పట్టలేదు.

ప్రస్తుతం కంప్రెషన్ బాగుంది. పైన బిగువు, కింద హాయిగా వదులు. రాడ్డు కింది చివర తగిలే క్రాంకు పిన్ను దగ్గర మాత్రం అరిగి వదులు వచ్చింది, ఫ్యానును అటూ ఇటూ ఊపితే టిక్కుమంటోంది. కొత్త రాడ్డుకు డ్యూరాల్యూమిన్ (గట్టి అల్యూమినియం మిశ్రమం) ముక్క తెచ్చిపెట్టాను. కాలువలు కట్టేసి షెడ్డు ముందు నేల ఆరాక విప్పుతాను. రాడ్డు మారితే రన్నింగ్ మళ్లీ మొదటి నుంచే, ఈసారి పది పన్నెండు స్టార్టులు చాలనుకుంటున్నాను.