మెమ్‌టెస్ట్86+: ఉచితమే, కాకపోతే ఫలితం చదవడం తెలియాలి

మే నెలలో అనంతపురం డీటీపీ షాపుల్లో ఉబుంటు లినక్స్ వేసిన పాత డెస్క్‌టాప్ ఉన్నట్టుండి బిగుసుకుపోతే, ఎవరినడిగినా చెప్పేది ఒకటే: ‘ర్యామ్ పోయింటుంది, మార్చేయ్.’ పోయిందో లేదో తేల్చడానికి మెమ్‌టెస్ట్86+ మంచి పనిముట్టే. సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంచే జీపీఎల్ లైసెన్సు, పైసా ఖర్చు లేదు. ప్లస్ గుర్తు మర్చిపోతే వేరే సరుకు చేతికొస్తుంది. ప్లస్ లేని మెమ్‌టెస్ట్86 పాస్‌మార్క్ కంపెనీది, సోర్స్ ఇవ్వరు, ఉచిత ఎడిషన్ 4 పాస్‌లకే (టెస్టులన్నీ ఒక చుట్టు తిరిగితే ఒక పాస్) ఆగిపోతుంది.

మెమ్‌టెస్ట్86+ నడపబోయే ముందు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లాగ్ చూడండి. ‘జర్నల్‌సీటీఎల్ -కె -బి -1’ కొడితే కిందటి బూట్‌లో కెర్నల్ ఏమందో కనిపిస్తుంది. అందులో ‘అవుట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్’ అని ఉంటే ర్యామ్ చాల్లేదని అర్థం. 4 జీబీ మీద బ్రౌజర్, లిబ్రెఆఫీస్, గింప్ కలిపి తెరిస్తే అంతే మరి. జెడ్‌ర్యామ్ (ర్యామ్‌లోని డేటాను కుదించి దాచే ఏర్పాటు) పెట్టుకోండి, లేదా ఇంకో ర్యామ్ స్టిక్ వేయండి. సంబంధం లేని ప్రోగ్రాములు రోజుకొకటి సెగ్‌ఫాల్ట్ అయి (మెమరీ తప్పుతో) మూతపడుతున్నా, ఒకే కోడ్ కంపైల్ చేస్తే ప్రతిసారీ వేరే చోట పడిపోతున్నా, లాగ్‌లో ‘మెషీన్ చెక్’ (హార్డ్‌వేర్ లోపం) వరుసలు వస్తున్నా, అప్పుడు ర్యామ్ చెడిందేమోనని అనుమానించాలి.

ఉబుంటు ప్యాకేజీ పనిముట్టు ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేస్తే గ్రబ్ (బూట్ అయ్యేటప్పుడు వచ్చే) మెనూలో ఎంట్రీ వస్తుంది. 5వ వరుస వర్షన్లు యూఈఎఫ్‌ఐలో (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్‌లో) నడవవు. 2022లో వచ్చిన 6.00 నుంచే ఆ వసతి. పాత డిస్ట్రో అయితే కొత్త ఐఎస్‌ఓ దించుకుని పెన్‌డ్రైవ్ మీద రాసుకోవడమే సుఖం. నల్ల తెర వచ్చి ఆగిపోతే ముందు బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ (సంతకం లేని ప్రోగ్రాములను బూట్ కానివ్వని సెట్టింగు) ఆపి చూడండి. కీబోర్డు కూడా వైరుదే పెట్టండి.

మొదటి పాస్ తొందరగా ముగిసేలా కుదించి ఉంటుంది. పచ్చగా ‘పాస్’ అని పెద్ద అక్షరాలు రాగానే కట్టేస్తే లాభం లేదు, కనీసం మూడు నాలుగు పాస్‌లు తిరగనివ్వాలి. మన ఊళ్లలో ఇంకో చిక్కుంది. వేడికి పెరిగే తప్పులు రాత్రి చల్లగా ఉన్నప్పుడు దాక్కుంటాయి. మిషన్ మధ్యాహ్నాలే ఆగిపోతుంటే మధ్యాహ్నమే, కేస్ మూత బిగించి నడపాలి. యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోతే టెస్టు మళ్లీ మొదటికొస్తుంది.

ఎర్ర వరుస వచ్చినప్పుడే దీని అసలు లోటు తెలుస్తుంది. అడ్రస్ చెబుతుంది, ఉండాల్సిన విలువ, దొరికిన విలువ చూపిస్తుంది. ఏ స్టిక్ అన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి. రెండు స్టిక్‌లు జంటగా పనిచేసే డ్యూయల్ చానల్‌లో అడ్రస్‌లు రెండు స్టిక్‌ల మధ్య కలగలిసి ఉంటాయి కాబట్టి ‘పై 4 జీబీలో తప్పు, అంటే రెండో స్టిక్’ అనే లెక్క పనికిరాదు. ‘ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్’ ఉండాల్సిన చోట ప్రతిసారీ ‘ఎఫ్‌ఎఫ్‌ఈఎఫ్’ వస్తుంటే, అదే బిట్ పడిపోతోందన్నమాట. చిప్ మీదో కాంటాక్ట్ మీదో అనుమానం పెట్టుకోవచ్చు. తప్పులు చెల్లాచెదురుగా ఉంటే ముందు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను ఎక్కువ స్పీడ్‌లో నడిపే సెట్టింగు) ఆపి మళ్లీ నడపండి. చాలాసార్లు దోషం స్పీడ్ సెట్టింగుది, నింద స్టిక్‌ది.

ఆ తర్వాత పవర్ వైరు పీకి, ఒక్కో స్టిక్‌ను ఒకే స్లాట్‌లో పెట్టి విడివిడిగా టెస్టు చేయాలి. తప్పు స్టిక్ వెంట తిరిగితే స్టిక్‌దే. మంచి స్టిక్ పెట్టినా ఆ స్లాట్‌లోనే వస్తుంటే బోర్డుదో ప్రాసెసర్ సాకెట్‌దో. స్లాట్‌లో దుమ్ము ఊదేసి, బంగారు కాంటాక్ట్‌లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే తీర్పు చెప్పండి. రబ్బరుతో రుద్దే అలవాటు మా వైపు ఎక్కువ. పని జరుగుతుంది గానీ పూత అరుగుతుంది, పొట్టు స్లాట్‌లో చేరుతుంది.

ర్యామ్ బోర్డుకే అతికించిన ల్యాప్‌టాప్ అయితే ఎఫ్1 నొక్కి రిపోర్టును ‘లినక్స్ మెమ్‌మ్యాప్’కు మార్చండి. చెడిన భాగాన్ని కెర్నల్ ముట్టుకోకుండా ఆపే పారామీటరు రాసిస్తుంది. దాన్ని ‘/ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్’లో పెట్టేటప్పుడు డాలర్ గుర్తుకు ముందు మూడు బ్యాక్‌స్లాష్‌లు పెట్టాలి, లేకుంటే గ్రబ్ దాన్ని మింగేస్తుంది. బూట్ అయ్యాక ‘/ప్రాక్/సీఎండీలైన్’లో సరిగ్గా చేరిందో లేదో చూసుకోండి. ఈ సౌకర్యం ఒక్కటి చాలు దీన్ని మెచ్చుకోవడానికి. అయితే చెడటం మొదలైన చిప్ అక్కడితో ఆగుతుందన్న భరోసా లేదు, బ్యాకప్ తీసుకోండి.

దూరాన ఉన్న సర్వర్‌కు ఇది కుదరదు, సిస్టమ్ ఆపాలి కదా. అక్కడ నడుస్తున్న సిస్టమ్ మీదే ‘సుడో మెమ్‌టెస్టర్ 1జి 3’ లాంటిది నడపొచ్చు గానీ, కెర్నల్ వాడుతున్న భాగం దానికి అందదు.

5కు 4 ఇస్తాం. స్టిక్ మార్చక తప్పదని తేలితే కొనే ముందు ‘సుడో డీఎంఐడీకోడ్ -టి మెమరీ’ కొట్టి రకం, స్పీడ్, పార్ట్ నంబర్ రాసుకెళ్లండి. డీడీఆర్3 1.5 వోల్టులది, డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులకూ నడిచేది. చూడటానికి రెండూ ఒకటే, కానీ తక్కువ వోల్టే ఇచ్చే ల్యాప్‌టాప్ మొదటిదాన్ని తీసుకోదు.