ఉయ్యాల కింద బొంత: సూర్యలంక నుంచి లంబసింగి దాకా

లంబసింగికి ఇంకో పేరు కొర్రబయలు. కొర్ర అంటే కట్టె. రాత్రి బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కట్టెలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు అక్కడివాళ్లు. రెండేళ్ల కిందట డిసెంబరు ఆఖర్లో నేనూ, మా మేనల్లుడూ ఆ బయలులోనే, ఒక కాఫీ తోటలో చెట్లకు హ్యామక్‌లు, అంటే గుడ్డ ఉయ్యాలలు, కట్టుకుని పడుకున్నాం. సున్నా డిగ్రీల దాకా పనికొస్తుందని రాసి ఉన్న స్లీపింగ్ బ్యాగ్ నా దగ్గర ఉంది కాబట్టి చలి గురించి టెన్షన్ పడలేదు.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. ఛాతీ మీద, మెడ దగ్గర వెచ్చగానే ఉంది. వీపు, నడుము మాత్రం తడి గచ్చు మీద పడుకున్నట్టు చల్లబడిపోయాయి. పక్కకు తిరిగితే ఆ పక్క చలి. తాడుకు వేలాడదీసిన చిన్న థర్మామీటర్ 8 చూపిస్తోంది.

"మావయ్యా, నీకూ కిందనుంచేనా?" అన్నాడు వాడు చీకట్లోంచి.

మూడింటికి ఇద్దరం కారులోకి వెళ్లి కూర్చున్నాం.

దీని కారణం మా అమ్మమ్మకు ఎప్పుడో తెలుసు. చలికాలం వస్తే నులక మంచం మీద ముందు బొంత పరిచి, ఆ తర్వాతే మమ్మల్ని పడుకోబెట్టి దుప్పటి కప్పేది. నులక సందుల్లోంచి గాలి వస్తుంది, పైన ఎన్ని కప్పుకున్నా వీపు వణుకుతుంది. హ్యామక్ కూడా అంతే. నేల మీద పడుకుంటే కింద ఒక చాప చాలు. గాల్లో వేలాడుతుంటే వీపు కింద గాలి ఆగకుండా కదులుతూ ఒంటి వేడిని పట్టుకుపోతుంది. మరి స్లీపింగ్ బ్యాగ్ ఎందుకు పనిచేయలేదు? అందులోని దూదో ఈకలో పొంగి ఉన్నప్పుడు మధ్యలో నిలిచే గాలే మనల్ని వెచ్చగా ఉంచుతుంది. మన బరువు కింద అది అప్పడంలా నలిగిపోయాక గాలి ఉండదు, వేడీ ఉండదు. నా బ్యాగ్ మంచిదే. దాని కింది సగం ఆ రాత్రి పనిలోనే లేదు.

తిరిగొచ్చాక కొనాల్సినవాటి గురించి చాలా రోజులు ఆలోచించాను. లోపల దూది పెట్టి కుట్టేసిన హ్యామక్‌లు దొరుకుతాయి. చూడటానికి అన్నీ ఒకేచోట ఉన్నట్టు ఉంటాయి. కానీ మన దగ్గర బాపట్ల తీరంలో రాత్రి ఇరవై డిగ్రీల దగ్గర ఉంటే, అదే కాలంలో లంబసింగి ఉన్న చింతపల్లి కొండల మీద ఏడో ఎనిమిదో ఉంటుంది. కుట్టేసిన దూదిని బాపట్లలో ఏం చేసుకుంటాం? అందుకే విడదీయడానికి వీలయ్యేదే తీసుకోవాలని తేల్చుకున్నాను. రెండు పొరల గుడ్డతో 11 అడుగుల హ్యామక్, దానికి దోమతెర, పైన వర్షానికీ మంచుకూ ఒక టార్ప్ (టార్పాలిన్ లాంటి కప్పు), చలికాలానికి విడిగా అండర్‌క్విల్ట్. అండర్‌క్విల్ట్ అంటే మన బొంతే. కాకపోతే హ్యామక్ లోపల కాదు, బయట కింద వేలాడుతుంది. మన బరువు దాని మీద పడదు కాబట్టి నలగదు.

రెండు పొరలు ఎందుకన్నది సూర్యలంకలో అర్థమైంది. ఫిబ్రవరిలో వెళ్లాం. బాపట్ల నుంచి అరగంట కూడా పట్టదు. ఒడ్డునే ఉన్న హరిత రిసార్ట్ గది పిల్లలతో వెళ్లేవాళ్లకు బాగుంటుంది, సముద్రం ఎదురుగానే. మేం మాత్రం తెలిసినవాళ్ల సరుగుడు తోటలో కట్టుకున్నాం. అక్కడ చెట్లు దగ్గర దగ్గరగా, సన్నగా ఉంటాయి. హ్యామక్‌కు 12 నుంచి 15 అడుగుల ఎడం కావాలి. రెండు వరసలు వదిలేసి, కాస్త లావు చెట్లు చూసుకోవాల్సి వచ్చింది. తీరంలో కొబ్బరి చెట్టు నీడ ఎంత పిలిచినా దాని కింద మాత్రం కట్టవద్దు. నిద్రలో కాయ పడితే అంతే.

ఆ రాత్రి అండర్‌క్విల్ట్ సంచిలోనే ఉండిపోయింది. సముద్రం గాలి కింద నుంచి తగులుతుంటే అంత హాయి ఏ ఏసీలోనూ లేదు. మా మేనల్లుడిది మాత్రం పాత ఒంటిపొర హ్యామక్. దోమతెర చుట్టూ ఉంది కానీ వీపుకు అంటుకున్న గుడ్డలోంచే దోమలు కుట్టాయి. పొద్దున వీపంతా దద్దుర్లు. రెండో పొర ఉంటే దోమ సూది ఒంటిదాకా రావడం కష్టం. పైగా ఆ రెండు పొరల మధ్య ఫోమ్ చాప దూర్చుకోవచ్చు.

ఆ చాప మారేడుమిల్లిలో పనికొచ్చింది. నవంబరు, రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా రెండు మూడు గంటల దారి. వలమూరు దగ్గర జంగిల్ స్టార్ క్యాంపు ఉంది, వాగు ఒడ్డున ఉండాలనుకునేవాళ్లకు అది మంచి చోటు. మేం ఒక హోమ్‌స్టే పెరట్లో కట్టుకున్నాం. రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా ఎక్కడపడితే అక్కడ కట్టకూడదు, కట్టాలనీ నాకు లేదు. ఆ ఇంటివాళ్లు రాత్రికి బొంగు చికెన్ కాల్చి పెట్టారు. వెదురు బొంగు చీల్చగానే వచ్చిన ఆ ఆవిరి వాసన ఇప్పటికీ గుర్తే.

రాత్రి 17 డిగ్రీలు. చాప ఒక్కటీ సరిపోయింది. ఫోమ్ మన బరువుకు నలగదు, ధర తక్కువ, తడిసినా తుడుచుకుంటే చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఇదే కొనుక్కోండి. దాని ఇబ్బంది ఒక్కటే, సన్నగా ఉంటుంది. హ్యామక్‌లో ఏటవాలుగా, తల ఒక మూలకూ కాళ్లు ఇంకో మూలకూ పెట్టి పడుకుంటేనే వీపు సమంగా ఉంటుంది. అలా పడుకున్నప్పుడు భుజాలు చాప దాటి బయటికొచ్చేస్తాయి. 17 డిగ్రీలలో భుజం చల్లబడితే షాల్ కప్పుకుంటే సరిపోయింది. ఎనిమిదిలో అలా సరిపోదు.

మొన్న జనవరిలో మళ్లీ లంబసింగి వెళ్లాం. ఈసారి బస కోసం ముందు ఒక అద్దె టెంట్ల చోటు చూశాం. సూర్యోదయం చూడటానికి చెరువులవేనం వెళ్లేవాళ్ల కోసం అలాంటివి చాలా వెలిశాయి. మేం చూసినచోట టెంట్ లోపల పరుపు తడిగా ఉంది, పాటల పెట్టె అర్ధరాత్రి దాకా ఆగదన్నారు. చలిలో తడి పరుపు చాలా ప్రమాదం. పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు డబ్బు కట్టే ముందు పరుపు మీద చెయ్యి పెట్టి చూసుకోండి. లేదంటే గోడలున్న గది తీసుకోండి.

మేం పాత కాఫీ తోటకే వెళ్లాం. ఆ తోట పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టారు.

"ఈసారైనా ఇంట్లో పడుకోండి బాబూ" అన్నారు.

"లేదండీ, ఈసారి బొంత తెచ్చాం" అన్నాడు మావాడు.

చెట్లు ఆయనే చూపించారు. సిల్వర్ ఓక్ మొదళ్లకు మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి. హ్యామక్‌ను చెట్టుకు కట్టే పట్టీ ఆ తీగ మీద పడి బిగిస్తే ఏళ్ల పంట పోతుంది. తీగ లేని చెట్లు రెండు, పైన ఎండుకొమ్మలు లేకుండా చూసి ఇచ్చారు. ఈ చెట్ల కొమ్మలు పెళుసు, గాలికి విరుగుతాయట. రెండంగుళాల వెడల్పు పట్టీలు వాడితే బెరడు కోసుకుపోదు. సన్నతాడు కట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పట్టీ చెట్టు నుంచి, అడ్డగీతకు దాదాపు 30 డిగ్రీల వాలులో దిగాలి. మరీ బిగించి కడితే ఉయ్యాల గుడ్డ అంచులు భుజాలను నొక్కేస్తాయి.

అసలు పని అండర్‌క్విల్ట్ దగ్గరే. మొదట వేలాడదీసినప్పుడు అంతా బాగుందనుకున్నాను. పది గంటలకు నడుము దగ్గర ఒక చల్లటి గీత మొదలైంది. మావాడు లేచి కింద నుంచి చెయ్యి పెట్టి చూశాడు. హ్యామక్‌కూ క్విల్ట్‌కూ మధ్య వాడి పిడికిలి పట్టేంత ఖాళీ ఉంది. గాలి అందులోంచే పోతోంది. సాగే తాడును ఒక్కొక్క అంగుళం లాగుతూ, "ఇప్పుడు? ఇప్పుడు?" అని అడుగుతూ పోయాడు. నాలుగోసారికి ఆ గీత పోయింది. ఇంకోసారి లాగితే మళ్లీ చల్లబడింది, బిగుసుకుపోయి క్విల్టే నలిగింది. ఒకసారి వదిలాం. తలవైపు, కాళ్లవైపు మూతులు ముడి బిగించి గాలి దూరకుండా చేశాం. పది నిమిషాల్లో వీపు కింద ఎవరో అరచెయ్యి పెట్టినట్టు వేడి నిలిచింది. పైన ఆ పాత స్లీపింగ్ బ్యాగ్‌నే జిప్పు తీసి దుప్పటిలా కప్పుకున్నాను.

తెల్లవారుజామున 6 డిగ్రీలు. నేను లేవలేదు, వాడే లేపాడు.

అండర్‌క్విల్ట్ కొనేటప్పుడు దాని మీద రాసిన డిగ్రీలను అలాగే నమ్మవద్దని నా మాట. స్లీపింగ్ బ్యాగ్‌లను పరీక్షించడానికి ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ఉంది. అండర్‌క్విల్ట్ మీద అంకె చాలావరకు తయారీదారు చెప్పేదే. 5 డిగ్రీలకని రాసి ఉంటే నేను పదికే లెక్క వేసుకుంటాను. ఇంకోటి, డౌన్ అంటే బాతు నూగు ఈకలు నింపినవి తేలిక, చిన్న సంచిలో ఇమిడిపోతాయి, కానీ తడిస్తే ముద్దలు కట్టి పనికిరాకుండా పోతాయి. లంబసింగిలో పొగమంచు ఎలా ఉంటుందంటే, ఆ ఉదయం టార్ప్ అంచుల నుంచి చినుకుల్లా నీళ్లు కారుతున్నాయి, పట్టీలు పిండితే నీరొచ్చింది. అందుకే నేను సింథటిక్ దూది నింపినది తీసుకున్నాను. బరువు ఎక్కువ, సంచి పెద్దది. మన కొండలకు కారులోనో బస్సులోనో వెళ్లి కొద్ది దూరమే నడుస్తాం కాబట్టి ఆ బరువు నాకు భారం కాలేదు. హిమాలయాల్లో రోజులు రోజులు నడిచేవాళ్లు డౌన్ తీసుకోవడం న్యాయమే.

డబ్బు పెట్టలేనివాళ్లకు మావాడు ఒక దారి చూపించాడు. వాడిది కొన్న క్విల్ట్ కాదు. పాత పాలిస్టర్ రజాయి నాలుగంచుల్లో దారి కుట్టించి, అందులోంచి ఎలాస్టిక్ తాడు పోనిచ్చాడు. బాపట్లలో మా ఇంటి దగ్గరి టైలరమ్మ గంటలో కుట్టిచ్చింది. కిందనుంచి గాలి దూరకుండా రజాయి బయటివైపు రెయిన్‌కోటు గుడ్డ ఒక పొర వేయించాడు. ఆ 6 డిగ్రీల రాత్రి వాడూ నిద్రపోయాడు. భుజాల దగ్గర కొంచెం చలి తగిలిందన్నాడు, రజాయి వెడల్పు ఇంకో జానెడు పెంచాలట.

పొద్దున పెద్దాయన కాఫీ తెచ్చి, వాడి రజాయి కింద చెయ్యి పెట్టి చూశారు. చాలాసేపు అలాగే ఉంచారు. తర్వాత ఇంట్లోకి కేక వేసి వాళ్లావిడను పిలిచారు, ఆ కుట్టు ఎలా వేశారో చూడమని.