ఆరేళ్ల వర్క్ ఫ్రమ్ హోమ్ తర్వాత: రోడ్డు నిజంగా ఖాళీ అయిందా?

2020 మార్చిలో ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చాను. రెండు వారాలే అన్నారు. ఆరేళ్లు గడిచిపోయాయి. ఈలోగా మా పని పద్ధతి రెండుసార్లు మారింది. మొదటి రెండేళ్లు పూర్తిగా ఇంటి నుంచే పనిచేశాం. తర్వాత రెండేళ్లు వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాం. ఇప్పుడు రెండు రోజులు ఇంటికి దగ్గర్లో ఉన్న చిన్న ఆఫీసులో, మిగతా మూడు రోజులు ఇంట్లో. మూడింటినీ వాడి చూశాను. ఇంటి నుంచి పని సుఖమా కష్టమా అన్నది చాలామంది రాశారు. నన్ను తొలిచే ప్రశ్న వేరు. ఇది ట్రాఫిక్‌కు మందు అన్నారు కదా, ఆ మందు పనిచేసిందా?

ముందు నా లెక్క చెప్తాను. ఆఫీసుకు వెళ్లడానికి గంటా ఇరవై నిమిషాలు, తిరిగి రావడానికి అంతే. రోజుకు 2 గంటల 40 నిమిషాలు. ఏడాదికి 230 పనిదినాలు వేసుకుంటే 613 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి పాతిక రోజులు స్టీరింగ్ వెనకే. ఈ సమయమంతా ఒక్కసారిగా చేతికి వచ్చింది. కానీ మొదటి మూడు నెలలు అందులో సగం ఆఫీసుకే పోయింది. ఉదయం ఎనిమిదికే లాగిన్, రాత్రి తొమ్మిదికి చివరి కాల్. తొమ్మిదిన్నరకు ముందు, ఆరున్నర తర్వాత మీటింగులు పెట్టొద్దని టీమ్‌కు తేల్చి చెప్పాకే ఆ గంటలు నావయ్యాయి. సామాన్ల విషయంలో ఒక్క మాట: మంచి కుర్చీ, కళ్ల ఎత్తులో మానిటర్, నెట్ పోతే ఆదుకునే రెండో కనెక్షన్. ఈ మూడూ మొదటి వారమే సమకూర్చుకోండి. నేను ఆలస్యం చేసి నడుము నొప్పి తెచ్చుకున్నాను.

మా అక్క నర్సు. ఆమె పని ఇంటి నుంచి చేసేది కాదు. నాలాంటి వాళ్లం రోడ్డు ఖాళీ చేస్తే లాభం ముందుగా అందాల్సింది అలాంటి వాళ్లకే అని నా నమ్మకం. అందుకే ఈ ఆరేళ్లలో నేను పట్టి చూసిన కొలత నా ప్రయాణం కాదు, అక్కది. 2019లో ఆమె డ్యూటీకి చేరడానికి యాభై నిమిషాలు పట్టేది. 2020లో ఇరవైలో చేరిపోయేది. "మీరంతా ఇంట్లో ఉంటే నేను టైముకు చేరుతున్నానురా" అనేది. అయితే అప్పుడు దుకాణాలు, బడులు, అన్నీ మూతపడి ఉన్నాయి. ఆ ఖాళీనంతా వర్క్ ఫ్రమ్ హోమ్ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

అసలు పరీక్ష హైబ్రిడ్, అంటే కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు అనే పద్ధతి, మొదలయ్యాక వచ్చింది. మంగళ, బుధ, గురువారాలు రమ్మని మా ఆఫీసు చెప్పింది. చుట్టుపక్కల ఆఫీసులు కూడా దాదాపు అవే రోజులు ఎంచుకున్నాయి. సోమ, శుక్రవారాలు రోడ్డు హాయిగా ఉండేది. ఆ మధ్య మూడు రోజులూ పాత జామే. అక్క ప్రయాణం మళ్లీ యాభై నిమిషాలకు చేరింది. అంత దూరం వెళ్లి నేను చేసిందేమిటంటే, హెడ్‌సెట్ పెట్టుకుని వేరే ఊళ్లలో ఉన్న సహోద్యోగులతో మాట్లాడటం. ఆ రెండేళ్లూ నాకు నిజంగా బాధ కలిగించాయి. వారంలో నలభై శాతం ప్రయాణాలు తగ్గాయని మేనేజ్‌మెంట్ సంతోషపడింది. రోడ్డుకు సగటుతో పనిలేదు. మంగళవారం ఉదయం తొమ్మిదింటికి ఎన్ని బళ్లు వచ్చాయన్నదే దానికి లెక్క. సౌకర్యానికి హైబ్రిడ్‌కు పదికి ఏడు మార్కులిస్తాను, ట్రాఫిక్ తగ్గించినందుకు మూడు.

ఖాళీ అయిన చోటు మళ్లీ నిండటంలో వింత లేదు. అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే ఈ సంగతి రాశాడు: పీక్ అవర్‌లో రోడ్డు కాస్త వెసులుబాటు ఇస్తే, అంతవరకూ వేరే వేళల్లో, వేరే దారుల్లో, బస్సుల్లో, రైళ్లలో వెళ్తున్నవాళ్లు అటు మళ్లుతారు. నేనే ఇందుకు సాక్ష్యం. ఆఫీసు ప్రయాణం తగ్గాక, మధ్యాహ్నాలు చిన్న చిన్న పనులకు కూడా బండి తీయడం అలవాటైంది. పూర్వం అవన్నీ ఆఫీసు నుంచి వచ్చే దారిలోనే అయిపోయేవి. మా టీమ్‌లో ఒకరు, వారానికి మూడు రోజులే కదా అని ఊరికి బాగా దూరంగా ఇల్లు తీసుకున్నారు. ఆ మూడు రోజుల్లో ఆయన తిరిగే దూరం ఒకప్పటి ఐదు రోజుల దూరాన్ని దాటింది. ఈ ముప్పు గురించి మాలో ఎవరూ ముందుగా ఆలోచించలేదు.

ఇక ఇప్పటి పద్ధతి. చిన్న ఆఫీసు మా ఇంటికి నడిచి పన్నెండు నిమిషాలు. నాకు బాగా నచ్చింది ఇదే. 1973లో "టెలికమ్యూటింగ్" అన్న మాట పుట్టించిన జాక్ నిలెస్ అప్పట్లో ప్రయత్నించింది కూడా ఇలాంటిదే. ఉద్యోగులను ఇంట్లో కూర్చోబెట్టడం కాదు, వాళ్ల ఇళ్లకు దగ్గర్లో చిన్న ఆఫీసులు తెరవడం. ఇల్లు ఇరుకుగా ఉన్నవాళ్లకు, చిన్న పిల్లలున్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. సాయంత్రం ఆఫీసు తలుపు మూసి ఇంటికి నడుస్తుంటే పని అక్కడే ఆగిపోతుంది. ఇంట్లో ఉన్న రోజుల్లో ఇప్పటికీ నాకు అది కుదరడం లేదు.

లోపం చెప్పకపోతే సమీక్ష కాదు. కొత్తగా చేరినవాళ్లకు దూరం నుంచి పని నేర్పడం కష్టం. మా టీమ్‌లో చేరిన ఒక అమ్మాయి పది నిమిషాల్లో తేలే సమస్య మీద రెండు రోజులు ఒంటరిగా తంటాలు పడింది. పక్క కుర్చీలో ఉంటే నేను తల తిప్పి చూసేవాణ్ణి. "మెసేజ్ పెడితే విసుక్కుంటారేమో అనుకున్నానండీ" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. అప్పటి నుంచి రోజూ అరగంట కాల్ తెరిచి ఉంచుతున్నాం. ఎజెండా ఏమీ ఉండదు, ఎవరైనా ఏదైనా అడగొచ్చు. నిర్ణయాలన్నీ రాతలో పెడుతున్నాం. నెలకోసారి రెండు రోజులు అందరం పెద్ద ఆఫీసులో కలుస్తాం, అదీ పదిన్నర దాటాక చేరేలా.

రోజులు మార్చమని మేనేజ్‌మెంట్‌ను ఒప్పించడానికి నెలలు పట్టింది. అప్పుడు నాకు పనికొచ్చింది చైనా ట్రావెల్ బుకింగ్ కంపెనీ ట్రిప్.కామ్‌లో 1,612 మంది ఉద్యోగులతో చేసిన ప్రయోగం. 2024లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయనిస్తే ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు, పనితీరుకు, ప్రమోషన్లకు నష్టం కనిపించలేదు. ఆ రెండు రోజులు బుధ, శుక్రవారాలు. బుధవారం అన్నది గమనించండి. వారం మధ్యలో ఒక రోజు వదిలినా పని ఆగలేదు. ఆ కాగితం ముందు పెట్టాకే, పెద్ద ఆఫీసుకు వెళ్లాల్సిన టీమ్‌లకు వేర్వేరు రోజులు కేటాయించారు, దూరంగా ఉన్నవాళ్లకు చిన్న ఆఫీసు ఇచ్చారు.

మొన్న అక్కను అడిగాను. సోమవారం ముప్పై నిమిషాలు, మంగళవారం నలభై ఐదు పడుతోందట. "మీ ఆఫీసు మారింది సరే, పక్క ఆఫీసుల వాళ్లతో మాట్లాడేవాళ్లు లేరా?" అంది. అందుకే పెద్ద ఆఫీసు ఉన్న భవనంలోని మిగతా కంపెనీలన్నింటికీ, ఏ రోజు ఎవరు రావాలో కూర్చుని పంచుకుందామని మెయిల్ పెట్టాను. ఇప్పటికి ఇద్దరు జవాబిచ్చారు. వచ్చే వారం కలుస్తున్నాం.