ట్రాలీయా, బ్యాక్‌ప్యాకా? ఏడు కిలోల లెక్కలో ఏది మేలు

ప్రయాణాల గురించి ఏం రాసినా, చివరికి పాఠకుల నుంచి తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఒకటుంది: "చిన్న ట్రాలీ కొనమంటారా, బ్యాక్‌ప్యాక్ కొనమంటారా?" అడిగేవాళ్లంతా చెక్-ఇన్ లగేజీ లేకుండా, ఒక్క బ్యాగుతో వారం పది రోజులు తిరిగి రావాలనుకునేవాళ్లే. బట్టలు చుట్టి పెట్టాలా, మడతపెట్టాలా అన్న దశ ఎప్పుడో దాటేశారు. వాళ్లు ఆగిపోయింది బ్యాగు దగ్గరే.

చాలామంది ఈ రెండింటినీ లీటర్లలో పోలుస్తారు. నేను మాత్రం ముందు ఖాళీ బ్యాగు ఎంత బరువుందో చూస్తాను. చాలా విమాన సంస్థలు క్యాబిన్ లగేజీకి పెట్టిన హద్దు 7 కిలోలు. కొన్ని ఇంకాస్త ఎక్కువ ఇస్తాయి, కొన్ని కొలతలు మాత్రమే చూస్తాయి. ఏదైనా, బరువు చూసేచోట బ్యాగు బరువు కూడా అందులో కలిసే ఉంటుంది. చక్రాలు, లాగే హ్యాండిల్, గట్టి డొప్ప కలుపుకుని క్యాబిన్ సైజు ట్రాలీ ఖాళీగానే రెండున్నర నుంచి మూడున్నర కిలోలు తూగుతుంది. 40 లీటర్ల బ్యాక్‌ప్యాక్‌లు కిలో, కిలోన్నర మధ్య సులువుగా దొరుకుతాయి.

అంటే తేడా కిలోన్నర నుంచి రెండు కిలోలు. కాగితం మీద చిన్నదే. కానీ ఒక జీన్స్ ప్యాంటు 600, 700 గ్రాములుంటుంది, కాటన్ టీషర్టు 150 నుంచి 200 గ్రాములు. ఆ తేడాలో ఒక జీన్స్, నాలుగు టీషర్టులు పట్టేసి, ఛార్జర్లకు కూడా చోటు మిగులుతుంది. తక్కువ సామానుతో వెళ్లేవాళ్లకు అది దాదాపు సగం బట్టల మూట. గాలి పీల్చేసే కంప్రెషన్ కవర్లు వాడుతున్నాం కదా అంటారు కొందరు. అవి తగ్గించేది సైజునే, తూకాన్ని కాదు. పైగా చోటు మిగిలింది కదా అని ఇంకో రెండు జతలు కూరేస్తాం.

లీటర్ల విషయంలోనూ ట్రాలీ పైకి కనిపించినంత పెద్దది కాదు. నమ్మకం లేకపోతే దాని లోపలి లైనింగ్ జిప్ తెరిచి చూడండి. అడుగున హ్యాండిల్ గొట్టాలు రెండు గట్లలా నిలువుగా పోతుంటాయి, వాటి మధ్య ఒక పల్లం. ఆ పల్లంలో సాక్సులు, లోదుస్తులు కుక్కి సమం చేస్తే తప్ప పైన బట్టలు చదునుగా కూర్చోవు. ఇక క్యాబిన్ కొలత, ఉదాహరణకు 55 × 40 × 20 సెంటీమీటర్లు అంటే, చక్రాలు, పిడి కలిపి. నాలుగు చక్రాల రకంలో చక్రాలు కిందికి పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి ఆ మేరకు పెట్టె పొట్టిదవుతుంది.

అలాగని ట్రాలీని తీసిపారేయలేం. నున్నటి నేల మీద దానికి సాటి లేదు. చక్రాల సూట్‌కేసుకు బెర్నార్డ్ శాడో 1972లోనే పేటెంట్ పొందినా, ఇప్పుడు మనం లాగే నిలువు ట్రాలీని 1987లో రూపొందించింది రాబర్ట్ ప్లాత్ అనే విమాన పైలట్. మొదట్లో వాటిని కొన్నదీ విమాన సిబ్బందే. అంటే అది పుట్టిందే విమానాశ్రయం నేల కోసం. ఆ నేల దాటాకే తిప్పలన్నీ: మెట్లు, కంకర, బురద, లిఫ్టు లేని మూడో అంతస్తు గది. అక్కడ ట్రాలీని ఒంటి చేత్తో మోయాలి.

మీ ప్రయాణం విమానాశ్రయం, టాక్సీ, హోటల్ లాబీ వరకే అయితే ట్రాలీయే తీసుకోండి. ఇస్త్రీ చొక్కాలు, కోటు నలగకుండా వెళ్లాలన్నా అదే నయం. నడుము నొప్పి, భుజం నొప్పి ఉన్నవాళ్లకైతే ఈ చర్చే అనవసరం, ట్రాలీ తప్ప వేరే మాట లేదు. బ్యాక్‌ప్యాక్‌తో ఎండలో పది నిమిషాలు నడిస్తే వీపంతా తడిసిపోతుంది, దానికి మందు లేదు.

ఇవన్నీ ఒప్పుకున్నా నా ఓటు బ్యాక్‌ప్యాక్‌కే. కారణం తూకం ఒక్కటే కాదు. విమానం నిండుగా ఉన్న రోజున పైఅరలు నిండిపోతే, గేటు దగ్గర ముందు ట్యాగు వేసి కిందికి పంపేది ట్రాలీలనే. అప్పుడు వరుసలో నిలబడే పెట్టె తెరిచి పవర్ బ్యాంక్ బయటికి తీయాలి, ఎందుకంటే దాన్ని లగేజీ హోల్డులో పంపనివ్వరు. ఆ టెన్షన్ ఎందుకు? మెత్తటి బ్యాగు, అందులోనూ పూర్తిగా నింపనిది, ముందు సీటు కిందికైనా ఎలాగో దూరుతుంది.

బ్యాక్‌ప్యాక్ కొనేటప్పుడు రెండు చూడండి. ఒకటి, సూట్‌కేసులా మూడు వైపులా జిప్‌తో తెరుచుకోవాలి. పైనుంచి మాత్రమే తెరుచుకునే ట్రెక్కింగ్ రకమైతే అడుగున ఉన్న టీషర్టు కోసం అంతా బయట పోయాలి. రెండు, నడుము బెల్టు ఉండాలి. దాన్ని తుంటి ఎముక మీద బిగించి, ఆ తర్వాత భుజం పట్టీలు సరిచేసుకుంటే బరువు చాలావరకు తుంటి మీదికి దిగుతుంది. ల్యాప్‌టాప్ లాంటి బరువైనవి వీపుకు ఆనుకునే అరలో ఉండాలి. బయటి అరలో పెడితే బ్యాగు వెనక్కి గుంజుతుంది.

డఫెల్ బ్యాగులు, అంటే పొడుగ్గా ఉండే మెత్తటి గుడ్డ సంచులు, అన్నిటికన్నా తేలిక, కారు ప్రయాణాలకు బాగుంటాయి, ఒక భుజం మీద ఎక్కువసేపు మోయలేం. చక్రాలున్న బ్యాక్‌ప్యాక్ గురించి కూడా అడుగుతున్నారు. చక్రాల బరువంతా వీపు మీద మోయడం ఇష్టమైతే కొనుక్కోవచ్చు.

ట్రాలీయే కావాలని నిర్ణయించుకున్నవాళ్లకు ఒక్క మాట: గుడ్డ రకం, రెండు చక్రాలది చూడండి. గట్టి డొప్ప రకంతో పోలిస్తే బయట అరలు ఉంటాయి, చక్రాలు సగం లోపలికే ఉంటాయి కాబట్టి విరగడం తక్కువ, గతుకుల మీద కూడా బాగానే దొర్లుతుంది. నాలుగు చక్రాల సుఖం షోరూమ్ నేల మీదే ఎక్కువ తెలుస్తుంది. వాలు నేల మీద చెయ్యి వదిలితే అది మిమ్మల్ని వదిలి వెళ్లిపోతుంది.