మెయిల్ సర్వర్‌లో పేజింగ్ ఫైల్ సైజు ఫిక్స్ చేశాక ఆరేళ్ల అనుభవం

మా ఫ్యాక్టరీలో నాలుగు వందల మెయిల్‌బాక్సులున్న ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ సాఫ్ట్‌వేర్) సర్వర్‌ను నేనే చూసుకుంటాను. ఇన్నేళ్లలో మార్చిన సెట్టింగుల్లో నాకు ఎక్కువ టెన్షన్ తగ్గించింది పేజింగ్ ఫైల్ సైజే. పేజింగ్ ఫైల్ (పేజ్‌ఫైల్) అంటే ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్క్‌లో వాడుకునే ఫైల్.

సర్వర్ పెట్టి వెళ్లినవాళ్లు దాన్ని ఆటోమేటిక్‌కే, అంటే సైజు విండోసే చూసుకునేలా, వదిలేశారు. ఎక్స్ఛేంజ్ 2016, 48 జీబీ ర్యామ్, అన్నీ సీ డ్రైవ్‌లోనే. ఒక నెలాఖరున, సరిగ్గా ఇన్‌వాయిస్‌లు వచ్చే రోజున, బయటి మెయిల్స్ ఆగిపోయాయి. ఆఫీసులో ఒకరికొకరు పంపుకునేవి వెళ్తున్నాయి, బయటి నుంచి వచ్చేవాటికి మాత్రం సర్వర్ 452 4.3.1 (వనరులు చాలట్లేదు) అని చెప్పి తీసుకోవడం లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ లాగ్‌లు చూసే చోట) 15006 కనిపించింది, అంటే డిస్క్‌లో చోటు తగ్గిపోయి మెయిల్స్ చేరవేసే ట్రాన్స్‌పోర్ట్ సర్వీసు చేతులెత్తేసిందన్నమాట. పాత లాగ్‌లు తీసేశాను, టెంప్ ఖాళీ చేశాను, అరగంటకు మళ్లీ అదే కథ. చివరికి దాచి ఉన్న సిస్టమ్ ఫైళ్లు కూడా కనిపించేలా పెట్టి చూస్తే పేజ్‌ఫైల్ పెరిగి పెరిగి డ్రైవ్‌ను తినేసింది, వెళ్లాల్సిన మెయిల్స్ వరుసలో ఉండే మెయిల్ క్యూ డేటాబేస్ కూడా అదే డ్రైవ్‌లో ఉండటంతో దానికి ఊపిరాడలేదు.

ఆ రాత్రే ఆటోమేటిక్ టిక్కు తీసేసి కస్టమ్ సైజు ఇచ్చాను. 2016కి మైక్రోసాఫ్ట్ చెప్పే లెక్క తేలికే: ర్యామ్ 32 జీబీ లోపుంటే ర్యామ్‌కి 10 ఎంబీ కలపాలి, అంతకంటే ఎక్కువున్నా 32,778 ఎంబీ దాటక్కర్లేదు. ఇనిషియల్, మాక్సిమమ్ రెండూ ఒకటే అంకె ఉండాలి, అప్పుడే ఫైల్ పెరగదు, తరగదు. ఇక్కడ ఒక్కమాట. అంకెలు కొట్టాక ‘సెట్’ బటన్ నొక్కకుండా నేరుగా ఓకే కొడితే మార్పు ఎక్కదు. నేను మొదటిసారి అలాగే చేసి, సర్వర్ రీస్టార్ట్ అయ్యాక పాత సైజే కనబడితే పావుగంట బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

ఎక్స్ఛేంజ్ 2019కి మారాక లెక్క కూడా మారింది, ఉన్న ర్యామ్‌లో 25 శాతం పెట్టాలి. మాది 128 జీబీ కాబట్టి 32,768 ఎంబీ. తర్వాత ర్యామ్ 192 జీబీ చేశాం, పేజింగ్ ఫైల్ సంగతే గుర్తులేదు, కొన్ని నెలలకు ఎక్స్ఛేంజ్ సెట్టింగులు సరిచూసే హెల్త్‌చెకర్ స్క్రిప్ట్ నడిపితే అది పట్టుకుంది. 49,152 చేసి సరిదిద్దాను. 2019 తర్వాత వచ్చిన ఎక్స్ఛేంజ్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌లోనూ ఇదే పావు వంతు లెక్క.

దీనివల్ల సర్వర్ స్పీడ్ పెరుగుతుందని మాత్రం ఆశపడకండి. పగలంతా పేజింగ్ జరుగుతోందంటే ర్యామ్ చాలట్లేదని అర్థం, ఫైల్ ఎంత పెంచినా అవుట్‌లుక్ నత్తనడకే. అలాగని అసలు పేజింగ్ ఫైలే వద్దని తీసేయకండి, కమిట్ లిమిట్ (ప్రోగ్రాములకు విండోస్ ఇవ్వగలిగే మొత్తం మెమరీ) తగ్గిపోతుంది, సర్వర్ క్రాష్ అయితే కారణం వెతకడానికి మెమరీ డంప్ కూడా దొరక్కపోవచ్చు.

ఇబ్బందల్లా సైజు మార్చాక చేయాల్సిన రీస్టార్టే. మాకు ఉన్నది ఒక్కటే సర్వర్, అందుకే ఆదివారం తెల్లవారుజామున చేస్తాను, మెయిల్స్ మళ్లీ కదిలేదాకా క్యూ వ్యూయర్ ముందు నుంచి లేవను. ఆ నెలాఖరు తర్వాత ఇప్పటిదాకా డిస్క్ చోటు వల్ల ఒక్క బయటి మెయిల్ కూడా ఆగలేదు.